అమ్మ కోయమన్నది

జగిత్యాల, ఆసుపత్రి వరండా
ఆదివారం మధ్యాహ్నం

మస్కట్‌లో ఉన్న అమ్మకు,

నీ బిడ్డ భాగ్యశ్రీ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరమూ క్షేమం, అక్కడ నీ క్షేమం కోరుతున్నాము అని ఒకే వాక్యంలో ముగించడం మర్యాద. ఆ వాక్యాన్ని ముక్కలు చేయక నాకు తప్పడం లేదు. నేను క్షేమమే. పెద్దబాపు, పెద్దమ్మ అవసరానికి మించి క్షేమంగా ఉన్నారు. బాపుకు జ్వరం లేదు, పూర్తి తెలివిలో ఉన్నాడు. నిన్న పప్పులో ఉప్పు లేదని క్యాంటీన్ మనిషిని మంచం దగ్గరికి పిలిపించుకుని మందలించాడు. ఆ మందలింపును నేను క్షేమం కిందే జమకట్టాను.

నీ ఉత్తరం, మీ వీధిలో నీలాగే ఇంటిపని చేసే శ్రీలత సెలవు మీద వస్తూ తెచ్చి ఇచ్చింది. ముస్తాబాద్‌లో తన ఇల్లు చేరిన మరునాడే బయలుదేరి, సిరిసిల్లలో మన గడప తొక్కకుండా నేరుగా జగిత్యాల బస్సెక్కి వచ్చి నా చేతిలో పెట్టింది. “మీ అమ్మ నీ చేతికే ఇయ్యమన్నది. వేరేటోళ్ల చేతిల వడితె నన్ను మస్కట్ల గల్లీ దాటనియ్యదట” అని నవ్వింది. నువ్వు చేసిన పని సరైనదే. శుక్రవారం నాడు మీ మేడం దయతలచి నీ ఫోను నీకు ఇస్తుంది. ఇక్కడ పెద్దబాపు నీ కాల్‌ను స్పీకరులో పెట్టి చుట్టూ పదిమందిని కూర్చోబెడతాడు. ఆ మాటలను తల్లీబిడ్డల మాటలు అనడానికి నాకు నోరు రాదు, అది పంచాయితీ. అందుకే నీ ప్రశ్నలకు కాగితం మీదే జవాబిస్తున్నాను. వచ్చే వారం శ్రీలత తిరిగి వెళ్తూ ఇది నీకు అందిస్తుంది.

నా ఉత్తరాలు “పుస్తకం తీర్గ” ఉంటాయని, చదువుతుంటే నవ్వొస్తదని రాశావు. నవ్వుకో. కోపం వచ్చినప్పుడు నా వాక్యాలు నిటారుగా నిలబడతాయి. ఇప్పుడు నేను చాలా కోపంలో ఉన్నాను.

తిండి సంగతి అడిగావు. కోరుట్ల నుంచి మామ రోజు విడిచి రోజు డబ్బా తెస్తున్నాడు. చదువు సంగతి అడిగావు. హాజరు తగ్గిందని మా విభాగాధిపతి నోటీసు పంపాడు, దానికి నేను రాసిన జవాబు చదివాక మళ్ళీ పంపలేదు. వక్తృత్వ పోటీకి ఈసారి పోలేదు. దిగులుపడకు. ఈ నెలలో ఇక్కడి వరండాలో నేను వాదించినంతగా ఏ వేదిక మీదా వాదించలేదు, ఇక్కడ ఓడినంతగా ఎక్కడా ఓడలేదు.

ఇంకొకటి అడిగావు. “మీ పెద్దబాపు ఫోన్ల ‘నువ్వు చెప్పినట్టే చేసినం రాధమ్మా’ అన్నడు. మీ పెద్దమ్మ నాతోని మాట్లాడకుంటనే ఫోన్ పక్కకిచ్చింది. నేనేం చెప్పిన బిడ్డా?” అని. నీ ఉత్తరమంతటిలో అదే చిన్న ప్రశ్న. దానికే పెద్ద జవాబు కావాలి. ఆ జవాబు ఈ ఉత్తరంలో ఉంది, దాని వంతు వచ్చినప్పుడు వస్తుంది. ముందే కాగితాలు తిప్పి వెతకకు.

“గొట్టం పెట్టిచ్చుకున్నోళ్లు మస్తుమంది ఉంటరు, మీ బాపుకే గిట్లెందుకైంది” అన్నావు. నీకు ఫోనులో తలా ఒక ముక్క చెప్పారు, ఎవరి ముక్క వాళ్ళను కాపాడేది. మొదటి నుంచి నేను చెప్తాను.

కోరుట్లలో మామ కొత్త ఇంట్లో పాలు పొంగించిన నాడే బాపుకు చలిజ్వరం పట్టింది. కుడి పక్కన పోటు. అక్కడి ఆర్ఎంపీ నెమ్ము అన్నాడు, సూదులు పొడిచాడు, తగ్గుతుందన్నాడు. తగ్గనప్పుడు ఇంకో రంగు సూది పొడిచాడు. బాపు పడుకుంటే ఊపిరి అందక గోడకు ఒరిగి కూర్చునే దాకా వచ్చాక మామ జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చాడు. స్కాన్ తీస్తే ఊపిరితిత్తికీ పక్కటెముకలకూ నడుమ చీము నిండి ఉంది. అది బయటికి పోవాలంటే ఎముకల సందున గొట్టం వేయాలి. వేశారు. గొట్టం చివర సంచి. చీము దానిలోకి దిగింది, ఆ రాత్రి బాపు వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. కాబట్టి ముందు ఒకటి స్పష్టంగా రాస్తున్నాను, గొట్టం బాపును చంపలేదు, బతికించింది. “గొట్టం ఏసిన మనిషి మిగలడు” అని మంచం అంచున కూర్చుని, రోగి వింటుండగా చెప్పిన మన చుట్టాలు ఉన్నారే, వాళ్ళు తెచ్చిన అరటిపండ్లు వాళ్ళే తిని వెళ్ళారు. ఆ రెండు పనుల్లో వాళ్ళకు చేతనైంది రెండోదే.

కొన్నాళ్ళకు గొట్టంతోనే ఇంటికి పంపారు. చీము ఇంకా కొద్దికొద్దిగా వస్తోంది, పూర్తిగా ఆగాక తీస్తామన్నారు. పంపేటప్పుడు ఒక కుర్ర డాక్టరు వచ్చి, చేతిలోని ఫోను నుంచి తల ఎత్తకుండా, “డ్రెస్సింగ్ డ్రైగా ఉంచండి, ట్యూబ్ కదలొద్దు, ఫీవరొస్తే రండి, షుగర్ చూసుకోండి” అని ఒక్క ఊపిరిలో చెప్పి వెళ్ళిపోయాడు. మనవాళ్ళకు అందులో అర్థమైంది ఒక్కటే, గొట్టం కదలొద్దు. ఎందుకు కదలొద్దో, కదిలితే ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పడానికి ఆ మహానుభావుడికి ఇంకో నిమిషం పట్టేది. ఆ నిమిషం ఆయన దగ్గర లేదు.

బాపును కోరుట్లలోనే ఉంచుతానని మామ అన్నాడు. ఆసుపత్రికి దగ్గర. పెద్దబాపు ఒప్పుకోలేదు. “సాంచాలు ఆగినయ్. చీరల ఆర్డరున్నది. పని చెయ్యకుంటేమాయె, ఊకె కూసోని చూసుకుంటడు” అని సిరిసిల్ల తీసుకుపోయాడు. బాపు ఆ మరమగ్గాల మోతలో, ఆ ఉక్కలో, గాలిలో ఎగిరే నూలు దుమ్ములో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చీము సంచిని మూడో సాంచ చట్రానికి తగిలించారు. దాని కింద చీర నేస్తున్నారు. నువ్వు ఆ దృశ్యాన్ని ఊహించుకోవద్దు, నేను చూశాను, అది చాలు.

చెమటకు పట్టీ ఊడింది. గొట్టం వేలి మందం బయటికి జారింది. ఫోను చేస్తే ఆసుపత్రివాళ్ళు రమ్మనేవాళ్ళు. మామకు చెప్తే బండి తెచ్చేవాడు. వీళ్ళు మూడో దారి కనుక్కున్నారు.

నేను శనివారం విశ్వవిద్యాలయం నుంచి వచ్చేసరికి బాపు చొక్కా కింద, గొట్టం మొదట్లో, గాజుగుడ్డకూ కుట్టుకూ కలిపి తెల్లటి నూలు బిగించి ఉంది. అందమైన ముడి. ఎవరు వేశారని అడిగితే పెద్దబాపు ఛాతీ విరుచుకున్నాడు.

“నేనే. గుంజి చూడు. దవాఖానోళ్ల పట్టీ నాల్గు దినాలు నిల్వలే. గిది వాళ్ల తాతలు గుంజినా రాదు.”

“ఎట్ల కట్టినవ్ పెద్దబాపూ?”

“ఎట్ల కడ్తరు?” అంటూ కండె నుంచి ఇంకో పోగు లాగి చూపించాడు. చివర నోట్లో పెట్టుకున్నాడు. పెదవుల మధ్య తిప్పి తడిపాడు. వేళ్ళతో మెలిపెట్టి, ముడి వేసి, మళ్ళీ ముడిని నాలుకతో తడిపి బిగించాడు. నువ్వు పెళ్ళయి వచ్చిన నాటి నుంచి వేయిసార్లు చూసిన పనే. మన ఇళ్ళల్లో పోగు తెగితే చేతికంటే ముందు నోరు కదులుతుంది. నాడె కంట్లో దారం ఎక్కించాలన్నా నోటితో పీల్చడమే. అది చేస్తున్నామని కూడా చేసేవాళ్ళకు తెలియదు.

“ఉమ్మితోని తడిపినవా?”

“మరి దేనితోని తడుపుతరే? మీ తాత గట్లనే తడిపిండు. తడపకుంటె ముడి కూసుంటదా?”

“అది సాంచ కాదు. లోపల చీమున్న మనిషి పక్క. షుగరున్న మనిషి.”

“ఇగ షురువైంది” అన్నది పెద్దమ్మ గౌరవ్వ వంటింట్లోంచి. “మైకు తెచ్చియ్యుర్రి. గీడ కప్పులియ్యరని చెప్పుర్రి.”

అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు. అప్పుడు చూశాను ఆయన ముఖం. పెదవులు ఎండి ఉన్నాయి, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. చొక్కా పూర్తిగా ఎత్తాను. గొట్టం చుట్టూ చర్మం ఎర్రగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ నడుము దాకా ఉబ్బి ఉంది. ఎరుపు లేని చోట, మామూలుగా కనిపిస్తున్న చోట వేలు ఆనిస్తే మంచం పట్టె పట్టుకుని అరిచాడు. “నొప్పి గాదు బిడ్డా, లోపట కాలుతున్నది” అన్నాడు. ఎప్పటి నుంచి అంటే, నిన్నటి నుంచి. ఎవరికి చెప్పావంటే, అందరికీ చెప్పాడట. వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగించారు.

నేను నూట ఎనిమిదికి ఫోను చేస్తుంటే పెద్దబాపు అన్న మాట యథాతథంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇంతకంటే నీచంగా నేను కల్పించలేను. “ఇంటి ముంగట అంబులెన్స్ ఆగితె వాడకట్టోళ్లు ఏమనుకుంటరే? కారు మాట్లాడుదం, ఆగు.” తమ్ముడు కాలిపోతుంటే వాడకట్టు ఏమనుకుంటుందో ఆలోచించగలిగే మనిషిని నేను పుస్తకాల్లో చదివాను. అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

ఈసారి జగిత్యాలలో వేరే ఆసుపత్రికి, ఇంకా పెద్దదానికి వచ్చాము. సర్జన్ పేరు సంజీవ్, నడివయసు మనిషి, గొంతు ఎత్తడు. నర్సు గుడ్డ విప్పగానే వాసన వచ్చింది. నూలు ముడిని కత్తెరతో కోసి, ఎత్తి పట్టుకుని “గిదేంది?” అన్నది. పెద్దబాపు కిటికీ వైపు చూశాడు. చర్మం అప్పటికే కొన్ని చోట్ల ఊదారంగు తిరిగింది. ఒకచోట నల్లటి నీళ్ళతో బొబ్బ లేచింది. సర్జన్ ఆ నల్లని చోట సూది మొనతో నొక్కి, “తెలుస్తుందా?” అన్నాడు. బాపు, “ఎప్పుడు ముట్టుకుంటరు సార్?” అన్నాడు. సర్జన్ నర్సు వైపు చూశాడు. పొద్దున మంచం పట్టె పట్టుకుని అరిచిన మనిషికి సాయంత్రానికి సూది దిగినా తెలియడం లేదంటే అక్కడ ప్రాణం పోయిందని అర్థం. అది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆయన మమ్మల్నందరినీ వరండాలోకి పిలిచి చెప్పాడు. చర్మానికీ కండకూ నడుమ ఒక పొర ఉంటుంది, పురుగు ఆ పొర పట్టుకుని పాకుతోంది. పైకి కనిపించేది కొంచెం, లోపల చాలా. రక్తం అక్కడికి పోవడం మానేసింది కాబట్టి సూదిమందు కూడా పోదు. చచ్చినదంతా కోసి తీసేయాలి, ఎంత దూరం పాకితే అంత దూరం. ఇప్పుడే. రేపు మళ్ళీ చూసి, అవసరమైతే మళ్ళీ కోయాలి. “ఆలస్యం చేస్తే పొద్దటికి మన చేతిలో ఉండడు” అన్నాడు.

నిజాయితీగా ఒకటి రాయాలి. నా వాదనకు అనుకూలం కాదు కాబట్టి వదిలేయాలని అనిపించింది. ఆ నూలే కారణమా అని నేను అడిగితే సర్జన్ అవునని అనలేదు. చీము తీసే గొట్టం చుట్టూ ఇలా కావడం అరుదైనా, ముడి లేకపోయినా కావచ్చు, షుగరున్నవాళ్ళకు మరీ కావచ్చు అన్నాడు. “కానీ నోట్లో పెట్టిన దారం అక్కడ కట్టకూడదు, నోట్లో ఉండే పురుగు మామూలుది కాదు” అన్నాడు. నేను ఆ రెండో వాక్యాన్నే పెద్దబాపుకు వినిపించాను, వరండా అంతటికీ వినిపించేంత గట్టిగా. ఆయన, “నా తమ్మున్ని నేను సంపుకుంటనా?” అన్నాడు. ఆ ఒక్కసారి ఆయన నాకు ఎదురు మాట్లాడలేదు, అడిగాడు.

ఇక ఆ వరండాలో జరిగిన సభ. పెద్దబాపు, పెద్దమ్మ, మన కులసంఘం నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు. వాళ్ళలో ఒకాయన, “కోసుడంటె వాళ్లకు అలవాటైంది. మందులతోని తగ్గదా?” అన్నాడు. రెండో ఆయన హైదరాబాద్ పోదామన్నాడు. దారిలోనే పోతాడని సర్జన్ చెప్పాక, హైదరాబాదులో తనకు తెలిసిన డాక్టరు ఉన్నాడన్నాడు. తెలిసిన డాక్టరు ఉంటే రోగం మేడ్చల్ దాకా ఆగుతుందని ఆ పెద్దమనిషి నమ్మకం. “పక్క మొత్తం తీసేస్తె ఇగ సాంచ మీద నిలవడ్తడా? గంత కన్నా” అని పెద్దమ్మ ఏదో అనబోయింది, నా ముఖం చూసి ఆపింది.

నేను మాట్లాడాను అమ్మా. కప్పులు తెచ్చిన ఏ ప్రసంగమూ దానికి సాటిరాదు. సర్జన్ చెప్పినదాన్ని వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాను. నూలు చుట్టిన బీములో ఒక చోట పట్టిన బూజు పక్క పోగులకు ఎట్లా పాకుతుందో, పాడైన మేర కోసేయకపోతే మొత్తం ఎట్లా పోతుందో చెప్పాను. ప్రశ్నకు ప్రశ్న, ఉదాహరణకు ఉదాహరణ. నేను చెప్పినదంతా విని సంఘం పెద్ద నా భుజం తట్టి, “మంచిగ మాట్లాడుతున్నవ్ బిడ్డా. నీకు రాజకీయం పనికొస్తది” అన్నాడు. అంతే. మా మాటలు లోపల బాపుకు వినిపిస్తున్నాయని ఒక్కడికీ పట్టలేదు.

సర్జన్ దగ్గరికి పోయి నేను సంతకం పెడతానన్నాను. ఆయన ఆ నలుగురినీ చూసి, “ఈ జ్వరం మగతలో మీ నాన్న సంతకం చెల్లదు, చట్టానికైతే నీది సరిపోతుందమ్మా. రేపు ఏమన్నా అయితే వీళ్ళు నా తలుపు ముందు ధర్నాకు టెంటు వేస్తారు. ఇంటి పెద్దను ఒప్పించు, పది నిమిషాల్లో మొదలుపెడతా” అన్నాడు. మనిషి బతకాలంటే కత్తి కావాలి, కత్తి పట్టిన మనిషికి టెంటు భయం. ఆయన మంచివాడే. మంచివాళ్ళ భయం మీద నాకు గౌరవం పోయింది.

అప్పుడు పెద్దబాపు తీర్పు చెప్పాడు. “మొగడు రాధమ్మకు. ఆమె చెప్పాలె. ఆమె కొయ్యమంటె కొయ్యుర్రి. నా నోటితోని నా తమ్మున్ని కొయ్యమని నేనన.”

సంఘం పెద్దలు తలలూపారు. ధర్మంగా ఉందన్నారు.

అమ్మా, నువ్వు మస్కట్ పోవాలని నిర్ణయించిన నాడు నిన్ను ఎవరైనా అడిగారా? నువ్వు కొన్న రెండు సాంచాలు పెద్దబాపు పేర రాసిన నాడు అడిగారా? నన్ను పదో తరగతితో మాన్పించాలని కూర్చున్న నాడు, నువ్వు వంటింటి గడపలో నిలబడి మాట్లాడబోతే “ఆడోళ్లు నడుమ రావద్దు” అన్నది ఈ నోరే కదా? ఇన్నేళ్ళు నీ మాటకు చాప మీద చోటు లేదు. ఆ సాయంత్రం హఠాత్తుగా నీ మాట లేకుండా కత్తి కదలకూడదన్నారు. నీ మీద గౌరవం పుట్టి కాదు. కోతలో బాపు పోతే ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో ఆ మనిషి ఇక్కడ ఉండకూడదు, సముద్రానికి అవతల ఉండాలి. అందుకు నువ్వు పనికొచ్చావు.

ఇదిగో, నీ ప్రశ్న వంతు వచ్చింది.

నేను సైకిల్ స్టాండు దగ్గరికి పోయి నీకు ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. అది శుక్రవారం కాదు, నీ ఫోను మీ మేడం అలమారలో ఉందని నాకు తెలుసు. తెలిసీ చేశాను. శ్రీలతకు చేస్తే, ఆమె మీ వీధి చివరి ఇంట్లో పనిలో ఉండి, రాత్రికి గానీ నిన్ను కలవలేనన్నది. రాత్రికి. గాజు తలుపులోంచి వాళ్ళు కనిపిస్తున్నారు. సంఘం పెద్ద చాయ్ తాగుతున్నాడు. నేను ఆగిపోయిన ఫోనును చెవికి పెట్టుకుని, వాళ్ళకు కనిపించేలా, కొంతసేపు తల ఊపుతూ నిలబడ్డాను. తరువాత లోపలికి వచ్చి చెప్పాను.

“అమ్మ కోయమన్నది.”

అంత సేపు వాదించినా కదలని మనుషులు ఆ రెండు మాటలకు లేచి నిలబడ్డారు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఎందుకన్నది, ఏమని అడిగావు, ఏడ్చిందా, ఏమీ లేదు. పెద్దబాపు కండువాతో ముఖం తుడుచుకుని, నర్సు చూపిన చోట వేలు పెట్టి చూసుకుని, సంతకం చేశాడు.

నేనేం చెప్పిన అని అడిగావు. నువ్వేమీ చెప్పలేదు. నిన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నీ నోట్లో నేను మాట పెట్టాను. తప్పు చేశానని రాయడం లేదు, మళ్ళీ ఆ వరండాలో నిలబెడితే మళ్ళీ అదే చెప్తాను. కానీ బాపు ఒంటి మీద కత్తి పడే ముందు నిన్ను అడగాలి, అది నీ హక్కు. ఆ నలుగురు దాన్ని నాటకానికి వాడుకున్నారు, నేను అబద్ధానికి వాడుకున్నాను. వాళ్ళను తిట్టినంత తేలికగా నన్ను తిట్టుకోలేకపోతున్నాను, అది మాత్రం గమనించాను.

గాయం ఎంత ఉందో దాచకుండా చెప్పమన్నావు. చంక కింద నుంచి నడుము ఎముక దాకా. నా రెండు అరచేతులు పక్కపక్కన పరిచినా కప్పలేనంత. మరునాడు మళ్ళీ లోపలికి తీసుకుపోయి ఇంకొంచెం తీశారు. ఆ తరువాత ఆగింది. మొదటి రోజుల్లో కట్టు మార్చేటప్పుడు పక్కటెముకల వరస కనిపించేది. ఇప్పుడు ఎర్రటి కొత్త కండ వస్తోంది. ఆ ఎరుపు మంచి ఎరుపు అని సర్జన్ చెప్పాడు. చీము ఆగింది, గొట్టం తీసేశారు. ఊపిరి బాగుంది.

తెలివి వచ్చాక బాపు మొదట అడిగింది, ఎవరు ఒప్పుకున్నారని. పెద్దబాపే చెప్పాడు, రాధమ్మ అని. బాపు, “రాధ అన్నదా? గట్లయితె సరే” అన్నాడు. అప్పటి నుంచి కట్టు మార్చినప్పుడల్లా పళ్ళు బిగబట్టి ఆ మాటే అనుకుంటున్నాడు.

సిరిసిల్లలో పెద్దమ్మ ఇంకో మాట అంటోంది. “మస్కట్ల ఏసీల కూసోని మొగన్ని పశువును కోసినట్టు కోయించింది” అని. మీ మేడం ఇంట్లో ఏసీ ఎవరి గదిలో ఉందో పెద్దమ్మకు తెలియదు. తెలిసినా ఆ మాట మారదు. నీతో మాట్లాడకుండా ఫోను పక్కకు ఇచ్చింది అందుకే. నీ పేరు మీద నేను చేసిన పనికి నువ్వు తిట్లు తింటున్నావు.

దాన్ని భరించలేక మొన్న నేను నిజం చెప్పేశాను. ఇదే వరండాలో, పెద్దబాపునూ పెద్దమ్మనూ కూర్చోబెట్టి. ఫోను కలవలేదు, అమ్మ ఏమీ అనలేదు, అన్నది నేను, తిడితే నన్ను తిట్టండి అన్నాను. పెద్దమ్మ పెద్దబాపు ముఖం చూసింది. పెద్దబాపు నా తల మీద చెయ్యి పెట్టాడు.

“తెల్సు బిడ్డా. అమ్మను కాపాడాలనే చూస్తవ్. నీ అసొంటి బిడ్డ ఉండాలె. గని గంత పెద్ద మాట నీ అంతట నువ్వంటవా? అబద్ధం జెప్పకు.”

నేను ప్రమాణం చేస్తానన్నాను. ఫోనులో ఆ రోజు నువ్వు ఎత్తని రెండు కాల్స్ చూపించాను. “కలిసినదాన్ని తుడిపేసినవ్” అన్నది పెద్దమ్మ. అబద్ధం చెప్పిన రోజు ఒక్క ప్రశ్న అడగనివాళ్ళు నిజం చెప్పిన రోజు రుజువు అడిగారు, చూపిస్తే కొట్టేశారు. డిగ్రీ చదివి, పీజీ చదువుతూ, ఇన్ని పుస్తకాలు మోసిన ఆడపిల్ల ఒక నిర్ణయం తీసుకోగలదని నమ్మడం కంటే, నేను తెలివిగా అబద్ధమాడుతున్నానని నమ్మడం వాళ్ళకు తేలిక. ఈ మనుషులతో ఇక వాదించను అమ్మా. వాదించాలంటే ఎదుటివాడు నా నోటి నుంచి వచ్చే మాట నాదే అని ముందు ఒప్పుకోవాలి.

ఇంకొకటి రాయకపోతే ఉత్తరం పక్షపాతమౌతుంది. బాపు మూత్రం డబ్బా, మంచం గిన్నె ఎత్తేది పెద్దబాపే. నన్ను ముట్టనివ్వడు. రోజూ కడిగి, ఎండలో బోర్లించి పెడతాడు. ఆయనను తిట్టాలని కూర్చున్నప్పుడల్లా ఆ గిన్నె అడ్డం వస్తోంది. అయినా తిడుతున్నాను.

ఇప్పుడు అసలు పని. గాయం శుభ్రమైంది కాబట్టి తొడ నుంచి పలచటి చర్మం తీసి పక్క మీద అతుకుతామని సర్జన్ అంటున్నాడు. చేస్తే, అతుకు నిలవకపోయే అవకాశం కొంత ఉంది, షుగరు వల్ల ఇంకొంచెం. తొడ మీద ఇంకో పుండు మానాలి, కొన్నాళ్ళు మంట. చేయకపోతే, అంచుల నుంచి తనంతట తాను ముడుచుకుంటూ మానుతుంది, నెలల పాటు కట్లు మార్చాలి, చర్మం బిగుసుకుని కుడి చెయ్యి పూర్తిగా పైకి లేవకపోవచ్చు. చెయ్యి లేవకపోతే నేత లేదు. కొత్తగా చీము పట్టే ప్రమాదం కూడా తెరిచి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. నేను చేయించాలనే అనుకుంటున్నాను. నా అభిప్రాయం ఇక్కడితో ఆపుతున్నాను, ఇంకో వాక్యం రాస్తే అది ప్రసంగమౌతుంది.

పెద్దబాపు మళ్ళీ, “రాధమ్మనడుగు” అన్నాడు. బాపు కూడా, “మీ అమ్మ ఏమంటదో అడుగు” అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను ఫోను తీసుకుని సైకిల్ స్టాండుకు పోలేదు. ఇది ఆ రోజు లాంటిది కాదు, ఆగవచ్చా అని సర్జన్‌ను అడిగాను. ఆగవచ్చన్నాడు, వచ్చే శుక్రవారం దాటినా నష్టం లేదన్నాడు. అయితే అమ్మ చెప్పే దాకా ఆగుదామన్నాను.

ఈ ఉత్తరం చదివాక శుక్రవారం ఫోనులో నీ మాట అందరి ముందే చెప్పు. వద్దంటే, అమ్మ వద్దన్నదనే వాళ్ళకూ సర్జన్‌కూ చెప్తాను, ఒక్క అక్షరం మార్చను. ఆ తరువాత నీతో వాదిస్తాను, నీతో ఒక్కదానితోనే. మొదటి కోత సంగతి అడిగితే ఏం చెప్పాలో ఆ నిర్ణయం కూడా నీదే. “నేను అనలేదు” అని నువ్వంటే వాళ్ళు నమ్ముతారు. బాపు కూడా వింటుంటాడు.

తొడ చర్మం తీసి అతికించమంటావా అమ్మా, వద్దంటావా?

ఇట్లు,
ఈసారి నీ జవాబు వచ్చే దాకా నోరు మూసుకుని కూర్చునే
నీ బిడ్డ
భాగ్యశ్రీ